నల్ల అట్ట, ఎర్ర అంచు

“నవలలు అని రాయి,” అంది మా అత్తమ్మ మూడోసారి.

మామయ్య కలం ఎత్తి పట్టుకుని, నా వైపు చూడకుండానే తల ఊపాడు. నేను గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను.

“అందరు ఎవరిది వాళ్ళు చెప్పుకున్నరు. నాది నేను చెప్పుకుంట,” అన్నాను. నేను ఆ మాట అనడమూ మూడోసారే.

“చెప్పు మరి.”

“చక్కెర.”

“చాయ్‌ల చక్కెర ఎయ్యకున్నా నీకు తెల్వది. చల్లారినంక ఒక్క గుక్కల తాగుతవ్. అదేం త్యాగం?”

మర్నాడు భస్మ బుధవారం. అప్పటి నుంచి ఈస్టర్ దాకా నలభై రోజులు మా ఇంట్లో ప్రతివాళ్ళూ తమకు ఇష్టమైనది ఒకటి విడిచిపెట్టాలి. మా మామయ్య సవరయ్య గనిలో పనిచేసి రిటైరయ్యాడు, ఇప్పుడు మా మణుగూరు చర్చి సంఘానికి పెద్ద. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి గీతలు కొట్టి, ఎవరు ఏం విడిచిపెట్టారో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాడు. ఆ ఏడు అప్పటికే నాలుగు వరసలు నిండాయి. సవరయ్య, మధ్యాహ్నం నిద్ర. సంపూర్ణ, చాయ్. జస్టిన్, మటన్. ఏంజెల్, రీల్స్.

“నలభై దినాలే గద మహిమా. చచ్చిపోతవా?” అన్నాడు జస్టిన్. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు మా ఆయన. సెకండ్ షిఫ్టుకు టైమైందని నిలబడే తింటున్నాడు.

“నీ మటన్ పోయిన నెలనే డాక్టర్ మానిపిచ్చిండు. అదే తెచ్చి దేవునికి ఇస్తున్నవ్. నువ్వు మాట్లాడకు.”

“మమ్మీ, నేను రీల్సే మానేస్తున్న. నువ్వు దయ్యాల బంగ్లాలు మానెయ్యలేవా?” అంది ఏంజెల్. ఇంటర్ పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి దానికి. మానక ఏం చేస్తుంది?

“అవి దయ్యాల బంగ్లాలు గాదు.”

“మరేంది? మొన్న నువ్వు చదువుకుంట ఉలిక్కిపడి చాయ్ ఒలకబోసుకున్నవ్. నేను చూసిన.”

అందరూ నవ్వారు. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. లేచి వెళ్తూ, “రాసుకోండ్రి,” అన్నాను. పప్పు మాడకపోతే ఇంకో గంటైనా కొట్లాడేదాన్ని.

ఆ పుస్తకాలు తొమ్మిది. మా అమ్మవి. అమ్మ భద్రాచలం అవతల మిషన్ దవాఖానాలో నర్సు. ప్రతి వారం పత్రిక రాగానే సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, మెత్తని దారంతో కట్టి దాచేది. కథ పూర్తయ్యాక బైండింగ్‌కు ఇచ్చేది. ఆ బైండింగ్ చేసే అతను మిషన్ వాళ్ళ పాటల పుస్తకాలు కట్టేవాడు. అతని దగ్గర ఉన్నది ఒకటే గుడ్డ, ఒకటే రంగు. అందుకని మా అమ్మ నవలలకూ దైవకీర్తనలకూ ఒకే వేషం. నల్ల అట్ట, ఎర్ర అంచు. వీపు మీద అంకె తప్ప పేరు కూడా ఉండదు.

మొదటి మూడూ కోట కథ. చివరి మూడూ సొరంగం, నిధి, మారువేషంలో రాజకుమారుడు. నాకు ప్రాణం నాలుగు, ఐదు, ఆరు. అడవి మధ్య జమీందారు బంగ్లా. జమీందారు బిడ్డకు చదువు చెప్పడానికి వానలో ఎడ్లబండి మీద ఒక టీచరమ్మ వస్తుంది. జమీందారు గుర్రం దిగి ఆమె ట్రంకు పెట్టె తనే మోస్తాడు, కానీ ఒక్క మాట మాట్లాడడు. పడమటి గదికి ఎప్పుడూ తాళం. అందులోంచి సాయంత్రం పూట గాజుల చప్పుడు. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మధ్యాహ్నం మామయ్య నిద్రపోయి, అత్తమ్మ వరండాలో కునుకు తీస్తుంటే, గని వైపు బ్లాస్టింగ్‌కు గూట్లో గిన్నెలు గలగలమంటుంటే, వంటింటి గోడకు ఆనుకుని చదివేదాన్ని. వంటిల్లూ చిన్న సామాన్ల గదీ కాక మాది రెండు గదుల క్వార్టరు. ఏ గదికీ తలుపు మూసే అలవాటు లేదు. మూసినా ఎవరో ఒకరు “ఏంది, ఏమైంది?” అని తోసుకుని వస్తారు. టీచరమ్మ ఆ గది తలుపు ఎప్పుడు తెరుస్తుందా అని ఆత్రపడుతూనే, లోపల ఉన్నావిడకు ఎంత నిమ్మళమో అని కూడా అప్పుడప్పుడు అనుకునేదాన్ని.

ఆ సాయంత్రమే మామయ్య తొమ్మిదింటినీ సామాన్ల గదిలోని ఆకుపచ్చ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ మిషన్ నుంచే వచ్చిన మా సంఘం పాటల పుస్తకాలూ ఆ పెట్టెలోనే ఉంటాయి. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

“నీ మీద నమ్మకం లేక గాదమ్మా. మనసును గుంజే శోధన దగ్గర పెట్టుకోవద్దు,” అన్నాడు.

*

మొదటి పదిహేను రోజుల్లో మా ఇంటి త్యాగాల సంగతి నాకు అర్థమైంది. మటన్ మానేసిన జస్టిన్‌కు రోజూ చేప కావాలి. చేప మాంసం కిందికి రాదట. చాయ్ మానేసిన అత్తమ్మకు కాఫీ కావాలి, అదీ రెండుసార్లు. ఏంజెల్ తన ఫోన్ నాకు అప్పగించి నా ఫోన్ పట్టుకుపోయింది. నిద్ర మానేసిన మామయ్య మధ్యాహ్నమంతా ఇల్లంతా తిరుగుతూ, “ఈ డబ్బా మూత ఏది?”, “ఈ బల్బు ఎందుకు వెలుగుతున్నది?” అని నన్ను అడుగుతాడు. సందు లేని త్యాగం ఒక్క నాదే. నవలకు బదులు ఏం చదవాలి? కిరాణా సామాను కట్టిన కాగితాలు చదివాను.

దీనికి తోడు కూడికలు. ఈ నలభై రోజుల శ్రమకాలంలో రోజూ సాయంత్రం ఆరున్నరకు ఒక్కో ఇంట్లో ప్రార్థన. మామయ్య పెట్టెలోంచి పాటల పుస్తకాలు సంచిలో వేసుకుని ముందు నడుస్తాడు. గడప దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకు తలా ఒకటి ఇస్తాడు. ఆయన కంటికి ఆపరేషన్ చేయించుకోమని రెండేళ్ళ నుంచి చెబుతున్నాం, వినడు. ఇచ్చినవాళ్ళు చాలామంది పుస్తకం ఇంటికి పట్టుకుపోతారు, మర్నాడు పట్టుకొస్తారు. పాటలు అందరికీ నోటికి వచ్చినవే. పుస్తకం చేతిలో ఉండడం ఒక మర్యాద.

మూడో వారంలో మామయ్య మహా ఉత్సాహంగా ఇంటికి వచ్చాడు.

“పోయిన ఏడు కూడికకు పన్నెండు మంది దాటలె. నిన్న ముప్పై ఒక్కరు! ఆడోళ్ళయితే ఆరు కొట్టకముందే వచ్చి కూసుంటున్నరు. ఏం పాడుకుంటరో ఏమో, పుస్తకంల నుంచి తల ఎత్తరు. పాస్టరయ్యగారు గూడ అన్నడు, సవరయ్యా, ఇది నీ ఇంటి త్యాగ ఫలమే అని.”

“నా చాయ్ ఫలం,” అంది అత్తమ్మ.

“నీది గాదు. కోడలిది.” నా వైపు తిరిగాడు. “ఈస్టర్ ముందటి ఆదివారం, మట్టల ఆదివారం, గుడిల అందరి ముందు నీ సాక్ష్యం పెట్టిండు అయ్యగారు. నవలలు శాశ్వతంగ విడిచిపెట్టిన అని చెప్పు. ఈస్టర్ కాంగనే ఆ తొమ్మిది పాత పేపర్లాయనకు ఏసేద్దాం.”

చేతిలో కాఫీ గ్లాసు ఉంది. కింద పెట్టాను.

“నలభై దినాలు అన్నరు మామయ్యా.”

“నలభై దినాలు ఉన్నోళ్ళకు నలభై ఏండ్లు ఎంత?”

“అవి మా అమ్మవి.”

“మీ అమ్మ మంచి మనిషి. ఆమె ఆత్మ సంతోషిస్తది.”

జస్టిన్ వైపు చూశాను. చేప ముల్లు తీసుకుంటున్నాడు. ఎంతో శ్రద్ధగా తీస్తున్నాడు.

*

మర్నాడు నల్లా దగ్గర మంగమ్మ నా బిందె పక్కనే తన బిందె పెట్టి అటూ ఇటూ చూసింది. ఆమె భర్త పంప్‌హౌస్‌లో పని చేస్తాడు. సంఘంలో ఆమెది పెద్ద గొంతు. ఆ రోజు మాత్రం గుసగుసగా అడిగింది.

“అక్కా, కోపం చెయ్యకు. ఆ టీచరమ్మ పడమటి గది తాళం తీసిందా, లేదా?”

నాకు అర్థం కావడానికి బిందె సగం నిండింది.

“నీకెవరిచ్చిన్రు?”

“ఇంకెవరు? మీ మామనే. నూట పన్నెండో పాట అన్నడు. తెరిస్తే బొమ్మ. మెట్ల మీద ఆడామె దీపం పట్టుకోని నిలబడ్డది. ఇదేం కీర్తన అనుకున్న. అందరు పాడుతున్నరు గదా, నేను గూడ నోరు ఆడిచ్చుకుంట రెండు పేజీలు చదివిన. ఇంటికి పట్టుకపోయిన. నాకు దొరికింది ఐదోది, అక్కా. మొదలు తెల్వక తల పగిలింది. మళ్ళ కూడికల మన పక్క లైన్ల ఉండే గోరి లేదా, ఆమె చేతిల నాలుగోది చూసిన. ఇద్దరం మార్చుకున్నం.”

“గోరి గూడనా?”

“కోట కథ యశోదమ్మ దగ్గర ఉన్నది. సొరంగం కథ పాత క్వార్టర్ల దిక్కు తిరుగుతున్నది. అందరికి బంగ్లానే కావాలె. ఆరోదే దొరకుతలేదు. అందర్ని అడిగిన, అమ్మగారిని గూడ.”

“పాస్టరమ్మను అడిగినవా?”

“ఆమెనే నన్ను అడిగింది.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా పుస్తకాలు ముప్పై ఒక్కమంది మధ్య తిరుగుతున్నాయి. నేను ఒక్కదాన్నే వాటిని ముట్టకుండా కూర్చున్నాను. ఇది బయటపెడితే మంగమ్మ, గోరి, అమ్మగారు అందరూ సంఘం ముందు నిలబడాలి. బయటపెట్టకపోతే ఇంతమందిని కూడికకు రప్పించిన నా త్యాగం గురించి నేనే లేచి గొప్పగా చెప్పాలి, ఆ తర్వాత అవి తూకానికి పోవాలి. పాత పేపర్లాయన అట్ట చింపి, కాగితం వేరు చేసి తక్కెట్లో వేస్తాడు. చూశాను చాలాసార్లు.

అన్నిటికంటే ఆ ఆరోది. అందులో అచ్చు కాని నాలుగు పేజీలు ఉన్నాయి. ఒక వానాకాలం గోదావరి పొంగి వారం రోజులు బస్సులు రాలేదు, పత్రికా రాలేదు. సరిగ్గా టీచరమ్మ తాళం తీసే వారం. ఖమ్మం నుంచి వచ్చిన ఒక రోగి అక్క ఆ భాగం చదివిందట. ఆమె చెబుతుంటే అమ్మ దవాఖానా కాగితాల మీద రాసుకుని, మధ్యలో పెట్టి కుట్టించింది. మిగతా ఎనిమిదీ పోతే పోనీ అనుకోగలను. అది పోతే మా అమ్మ చేతిరాత ఇంకెక్కడా లేదు.

ఆ వారం ప్రతి కూడికలో నేను ప్రార్థన వినలేదు. ఎవరి ఒళ్ళో ఏ అంకె ఉందో చూస్తూ కూర్చున్నాను. ఒకటి కనిపించింది. ఏడు కనిపించింది. ఆరు కనిపించలేదు.

*

మట్టల ఆదివారం ముందు గురువారం, మార్కెట్‌కు వెళ్ళినదాన్ని ఆటో దొరికి తొందరగానే ఇంటికి వచ్చాను. సందు మలుపు తిరుగుతుంటే వరండాలోంచి మామయ్య గొంతు వినపడింది. వాక్యం చదువుతున్నాడు అనుకున్నాను. గొంతు అట్లాగే ఉంది, నిదానంగా, ఒక్కో మాట పట్టి పట్టి.

“‘...తలుపు తెరిచింది. లోపల చీకటి. మంచం మీద ఒక స్త్రీ. టీచరమ్మ భయపడలేదు. దగ్గరకు పోయి, నువ్వు ఎండ చూసి ఎన్నాళ్ళయింది, అన్నం తిన్నావా, అని అడిగింది.’”

“ఇంకోసారి చదువు ఆ ముక్క,” అంది అత్తమ్మ.

“ఎన్నిసార్లు చదవాలె? ముంగటికి పోనియ్యవా?”

“ఎన్నేండ్లు మూసి పెట్టిన్రు దాన్ని. ఒక్కలు గూడ తిన్నవా అని అడగలె. చదువు.”

ఆయన మళ్ళీ చదివాడు. భూతద్దం కాగితానికి ఆనించి చదువుతున్నాడు. అత్తమ్మ ముందు చేటలో కందిపప్పు. ఒక్క గింజ ఏరలేదు.

నా చేతిలో సంచి గేటుకు తగిలి చప్పుడైంది. మామయ్య పుస్తకం మూయబోయి, వేలు మధ్యలో పెట్టుకున్నాడు, పేజీ పోతుందని. దూరంగా బ్లాస్టింగ్ మోగింది. గూట్లో గిన్నెలు కదిలాయి.

“ఇది అచ్చు గాదు,” అన్నాడు చివరికి. “చేతిరాత.”

“అవ్. మా అమ్మది.”

“మధ్యాహ్నం పొద్దు పోతలేదు. నిద్ర మానేస్తి గద. పాటల పుస్తకం అనుకోనే తీసిన.”

“ఎప్పుడు తీసిన్రు?”

ఆయన అత్తమ్మ వైపు చూశాడు. “రెండో వారం. నువ్వు బజారుకు పోయినప్పుడల్లా చదివిండు,” అంది అత్తమ్మ, పప్పు మీదికి వంగి. “నాలుగోది, ఐదోది ముందే అయినయి. అవి మళ్ళ పెట్టెల పెట్టిండు. ఇది అయినంక పెడ్తం తీ.”

టమాటాలు ఫ్రిజ్‌లో సర్దడానికి లోపలికి వెళ్ళాను. తలుపు మీద కాగితం. సవరయ్య, మధ్యాహ్నం నిద్ర. మహిమ, నవలలు. నా పేరు పక్కన ప్రతి రోజుకూ ఒక చుక్క, పచ్చ సిరాతో, ఆయనే పెట్టాడు. వరుస తప్పకుండా ముప్పై పైన చుక్కలు.

మర్నాడు పొద్దున ఆయన ఏమీ జరగనట్టే, “సాక్ష్యం కాగితం మీద రాసుకున్నవా? తడబడొద్దు,” అన్నాడు.

ఆయన చదివినందుకు నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ గొంతుతో అమ్మ రాసింది వింటుంటే బాగుంది. చదివి కూడా, నా పేరు ఆ జాబితాలోంచి కొట్టేయనందుకు వచ్చింది. “రాసుకున్న,” అన్నాను.

*

మట్టల ఆదివారం గుడి నిండా ఈత మట్టల వాసన. పిల్లలు వాటితో ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటున్నారు. అయ్యగారు నా పేరు పిలిచాడు. ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ఎడమ వైపు ఆడవాళ్ళ వరసలో మంగమ్మ చున్నీ కొసతో నోరు మూసుకుంది. గోరి నేల చూస్తోంది. మొదటి బెంచీలో అమ్మగారు కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది, ప్రార్థనలో ఉన్నట్టు. కుడి వైపు ముందు వరసలో మామయ్య. మొహం పాలిపోయింది. నేను ఏం చెబుతానో అని.

చీర కొంగు సర్దుకున్నాను.

“అందరికి వందనాలు. నాకు నవలలు చదువుడు ఇష్టం. నలభై దినాలు విడిచిపెడ్త అని చెప్పిన. ఇప్పటిదాకా ఒక్క పేజీ చదవలె. ఇంకొక వారం ఉన్నది, అది గూడ చదవ. ఈస్టర్ తెల్లారి నుంచి మళ్ళ చదువుకుంట. నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి.”

అంతే. వచ్చి కూర్చున్నాను. అయ్యగారు ఇంకా ఉందేమో అని ఎదురు చూశాడు. ఆడవాళ్ళ వైపు నుంచి “ఆమెన్” వచ్చింది. మామూలుగా మా సంఘంలో ఆమెన్ మగవాళ్ళ వైపు నుంచి గట్టిగా వస్తుంది. ఆ రోజు ఇటు నుంచే వచ్చింది. రెండోసారి కూడా అన్నారు, ఎవరూ అడగకుండానే. అమ్మగారు అన్నది కూడా విన్నాను.

ఆ వారమంతా మామయ్య ముభావంగానే ఉన్నాడు. కానీ పాత పేపర్లాయన గురువారం సందులో కేక వేసుకుంటూ వస్తే, లేచి గేటు దగ్గరికి వెళ్ళి, “ఇయ్యాల ఏం లెవ్వు, పో,” అన్నాడు. గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యేసరికి సంచిలోకి ఒకటొకటిగా అన్నీ వచ్చాయి. కొన్నిట్లో గుర్తుకు పెట్టిన కాగితం ముక్కలు, ఒకదాంట్లో ఎండిన కరివేపాకు రెబ్బ. మామయ్య పెట్టె ముందు గొంతుక్కూర్చుని నల్ల పుస్తకాలన్నీ తెరిచి చూసి, కీర్తనలు ఒక వైపు, మావి ఒక వైపు పెట్టాడు. ఆరోది అన్నిటికంటే పైన పెట్టాడు.

*

ఈస్టర్ రోజు తెల్లవారుజామున ఆరాధన అయ్యాక ఇంటికి వచ్చి మటన్ బిర్యానీ వండాను. జస్టిన్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. అత్తమ్మ నలభై రోజుల చాయ్ ఒక్క పొద్దుటే తాగేసింది. ఏంజెల్ ఎడమ చేత్తో తన ఫోన్ తిప్పుతూ కుడి చేత్తో తింటోంది. మామయ్య తిని, నిద్రకు కళ్ళు వాలిపోతూ గోడకు ఆనుకున్నాడు.

“నువ్వు తిన్నవా మహిమా?” అంది అత్తమ్మ.

గరిటె గిన్నెలో ఆగింది. అందరూ తలెత్తారు. ఆమె మాత్రం పళ్ళెంలోకే చూస్తోంది.

“తింట,” అన్నాను. పళ్ళెం తెచ్చుకుని వాళ్ళ మధ్యన కూర్చున్నాను. రెండు ముద్దలు తిన్నాను.

“ఒక మాట,” అన్నాను. “రేపటి నుంచి మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా నేను సామాన్ల గదిల ఉంట. చదువుకుంట. పాటల పుస్తకాల పెట్టె నిన్ననే ముంగటి గదిల పెట్టిచ్చిన.”

“ఆ రెండు గంటలు చాయ్?” అన్నాడు జస్టిన్.

“ఐదు దాటినంక.”

“ఏమన్నా కావాలంటే పిలుస్తం తీ,” అంది ఏంజెల్. “తలుపు తోస్తే వస్తది గద.”

“రాదు. నిన్న వడ్రంగి లచ్చిరాంతోని గొళ్ళెం పెట్టిచ్చిన.”

మామయ్య కళ్ళు తెరిచాడు. “ఆ గదికి గొళ్ళెం ముందే ఉండె గదమ్మా.”

“అది బయట, మామయ్యా,” అన్నాను, ఆయన పళ్ళెంలో పెరుగుపచ్చడి వేస్తూ. “ఇది లోపల.”